ఆయన కలిపిన ముద్ద

ఇరవై రెండు స్టీలు డబ్బాల్లో అన్నం సర్ది, పప్పు పోసి, కూర వేరే గిన్నెల్లోకి ఎత్తి మూతలు బిగించేసరికి తెల్లవారి నాలుగున్నర అయ్యేది. అప్పుడు లేచేవాడు మునాఫ్. తిన్నగా బాత్రూములోకి వెళ్లి, వచ్చి, చెక్కముందు చతికిలబడి ఉల్లిపాయలూ కీరా దోసకాయలూ చక్రాలుగా కోసి, ఒక్కో నిమ్మచెక్క జోడించి, చిన్న కవర్లలో వేసి ముడులు వేసేవాడు. అంతా కలిపి పావుగంట పని. అంతకుముందు అంజుమ్ చేసిన రెండు గంటల పనికి పేరూ ఊరూ లేదు గానీ, ఆ పావుగంట పనికి మాత్రం ఆ అరబ్బు దేశంలో, మంగఫ్‌లో వాళ్ల బిల్డింగు చుట్టుపక్కలంతా పేరుంది. మునాఫ్ భాయ్ బంగారం, పెండ్లానికి వంటింట్లో సాయం చేస్తాడు అనుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అంజుమ్‌కు నవ్వొచ్చేది. దాన్ని పెదాలు దాటనిచ్చేది కాదు.

మునాఫ్ ఇఖామాలో, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులో, ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజరు అని ఉంటుంది. తోలేది మాత్రం కంపెనీ బస్సే. పొద్దున్నే కూలీల గదుల దగ్గర మనుషుల్ని ఎక్కించుకుని సైటులో దింపి, సాయంత్రం మళ్లీ తెచ్చి గదుల దగ్గర దింపుతాడు. ఆ బస్సులో వెళ్లే రాయచోటి, లక్కిరెడ్డిపల్లె, పీలేరు మగవాళ్లు ఇరవై రెండు మందికి మధ్యాహ్నం అన్నం అంజుమ్ చేతిది. బస్సు ఎక్కేటప్పుడు మునాఫ్ ఒక్కొక్కరి చేతిలో డబ్బా పెడతాడు. ఫోనులో వాళ్లకొక గ్రూపు ఉంది, మునాఫ్ భాయ్ మెస్ అని. అందులో ఇరవై రెండు మంది తినేవాళ్లున్నారు, డబ్బాలు ఇచ్చే మునాఫ్ ఉన్నాడు, వండే మనిషి లేదు. పప్పులో ఉప్పు తగ్గిందని ఎవరైనా పెడితే సాయంత్రం అది ఆమెకు చదివి వినిపించేవాడు. బాగుందని పెట్టినవి చదివేవాడు కాదు. అవి కూడా వస్తాయని ఆమెకు చాలా రోజుల దాకా తెలియదు.

ఇక శుక్రవారం సంగతి. జుమా నమాజుకు వెళ్లి వచ్చి, పెద్ద పళ్లెంలో అన్నం వేయించుకుని, మటన్ షేర్వా పోయించుకుని, అయిదు వేళ్లూ ముంచి కలిపి, మొదటి ముద్ద అంజుమ్ నోట్లో పెట్టేవాడు. రెండోది ఏడేళ్ల నిలోఫర్ నోట్లో. పక్క ఫ్లాటు ఆడవాళ్లు ఎవరైనా ఉంటే ఆ ముద్ద ఇంకాస్త పెద్దదయ్యేది. "మా మగోళ్లు ఒక్కరోజన్నా ఇట్ల పెట్నారా" అని వాళ్లు నిట్టూర్చేవాళ్లు. నిజం చెప్పాలంటే అంజుమ్‌కూ ఆ ముద్ద ఇష్టమే. వారమంతా నిలబడి వండిన మనిషికి కూర్చుని నోరు తెరిచే క్షణం అదొక్కటే. ఎవరు కాదనగలరు? పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆయన మీద ఎప్పుడు కోపం వచ్చినా ఆ ముద్దను గుర్తు తెచ్చుకుని చల్లారేది.

మూడు వారాల కిందట ఒక మంగళవారం, పొయ్యి ముందు నిలబడి చపాతీ తిప్పుతుంటే కుడిచెయ్యి తనంతట తనే ఎగరడం మొదలుపెట్టింది. అట్లకాడ కింద పడిన చప్పుడు గుర్తుంది, తర్వాత ఏమీ గుర్తులేదు. నిలోఫర్ రెండో అంతస్తుకు పరిగెత్తి హెలెన్ అక్కను పిలుచుకొచ్చిందట. హెలెన్‌ది రాజోలు దగ్గర పల్లె, ఇక్కడ ఒక క్లినిక్కులో నర్సు. ఆమే అంబులెన్సు పిలిపించింది. కళ్లు తెరిచేసరికి అంజుమ్ ఆస్పత్రి మంచం మీద ఉంది, నాలుక కొరుక్కుని నోరంతా రక్తం.

తలకు స్కాను తీశారు. మర్నాడు డాక్టరు వచ్చి మునాఫ్‌తో అరబ్బీలో పది నిమిషాలు మాట్లాడాడు. చేతులు చూపించాడు, వేళ్లు చూపించాడు, ఒక కాగితం మీద బొమ్మ గీశాడు. అంజుమ్‌కు అరబ్బీ బజారుకు సరిపడేంతే వచ్చు. ఆ పది నిమిషాల్లో ఆమెకు అర్థమయిన మాట ఒక్కటే, ఖంజీర్. పంది. డాక్టరు వెళ్లాక మునాఫ్ మొహం ఎండిపోయి ఉంది. గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"పందిమాంసం తింటే వచ్చే పురుగంట. తలకాయలో ఉండాదంట."

"నేనా? నేనెప్పుడు తింటి?"

"అదే నేనూ అడుగుతాండేది."

పది నిమిషాల మాటలు ఒక్క వాక్యం ఎలా అయ్యాయని ఆ రోజు ఆమె అడగలేదు. తల దిమ్ముగా ఉంది, భయంగా ఉంది, సిగ్గుగా కూడా ఉంది. తినని దానికి సిగ్గెందుకో తెలియదు. ఆడమనిషిని అనుమానించడానికి కారణం కావాలి గానీ, ఆడమనిషి సిగ్గుపడటానికి కారణం అక్కర్లేదు.

ఇంటికి వచ్చిన రోజే రాయచోటి నుంచి వీడియో కాల్. మునాఫ్ ఫోను స్పీకర్లో పెట్టి గోడకు ఆనించాడు. అత్త హుస్సేన్ బీ తెరనిండా ఉంది. "మా ఇండ్లల్లో ఎవురూ దాని పేరు గూడా నోట్లో పలకలేదు. నువ్వు కడుపులోకే పోనిచ్చినావు. ఒప్పుకో, తౌబా చెప్పుకో, అల్లా మాఫ్ చేస్తాడు. ఆ కిరస్తానమ్మ ఇంట్లో పండగ పూట ఏమో తినింటావు గదా" అంది. హెలెన్ క్రిస్మస్‌కు ఇచ్చిన కేకు ముక్క తిన్నానని అంజుమ్ చెప్పింది. చెప్పాక అర్థమైంది, అది సంజాయిషీగా చెప్పకూడదని. ఆ పూటే అది నేరం అయి కూర్చుంది.

అప్పటి నుంచి ఇంట్లో ఆమెకు వేరే పళ్లెం, వేరే గ్లాసు. శుక్రవారం ముద్ద ఆగిపోయింది, నిలోఫర్‌కు మాత్రమే పెడుతున్నాడు. చిత్రమేమిటంటే ఇరవై రెండు డబ్బాలు మాత్రం ఆగలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజే, బిళ్లలు మింగిన మత్తులో, పొయ్యి పట్టుకుని నిలబడింది. నోరు అపవిత్రమయింది గానీ చేతులు కాలేదన్నమాట. ఆమె వేసిన పోపు అందరికీ పనికొచ్చింది, ఆమె తాగిన గ్లాసు ఎవరికీ పనికిరాలేదు.

ఒకరోజు నిలోఫర్ స్కూలుకు వెళ్లాక ఆస్పత్రి కాగితాలన్నీ కొంగులో చుట్టుకుని హెలెన్ దగ్గరకు వెళ్లింది. "హెలెనక్కా, నేను పంది తినలేదు. నువ్వన్నా నమ్ముతావా" అని అడిగింది. హెలెన్ కళ్లజోడు పెట్టుకుని కాగితాలు తిరగేసింది.

"పంది తింటే తలలోకి వస్తదని నీకెవరు చెప్పారమ్మా?"

"మా ఆయన. డాక్టరు చెప్పినాడంట."

"డాక్టరు అలా చెప్పడు. ఇదిగో, ఇక్కడ రాసే ఉంది. ఇంట్లో వాళ్లందరికీ మలపరీక్ష చెయ్యాలని. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. మూడు డబ్బాలు తెచ్చి, నీదీ పాపదీ ఇయ్యమన్నాడు, అంతే. మూడోది బాత్రూము కిటికీలో ఉంది.

"చూడు, దీనికి రెండు దార్లున్నాయి" అంది హెలెన్. "సరిగ్గా ఉడకని పందిమాంసం తిన్నోళ్లకి కడుపులో పురుగు పెరుగుద్ది. బద్దెలాగా, బారెడు పొడుగు. ఆ మనిషికి పెద్దగా ఏమవ్వదు, దర్జాగా తిరిగేస్తాడు. దాని గుడ్లు ఆయన మలంలో పడతాయి. సబ్బుతో చేతులు కడుక్కోపోతే గోళ్లల్లో ఉండిపోతాయి. ఆ చెయ్యి పెట్టిన తిండి ఇంకోళ్లు తింటే, గుడ్లు లోపలికెళ్లి, పిల్లలై, రక్తంలో పడి, మెదడులోకెళ్లి కూర్చుంటాయి. నీకొచ్చింది ఈ రెండోది. నీ మలంలో ఏం లేదని మూడుసార్లూ వచ్చింది కదా."

"మరి పందికి యాడి నుంచి వస్తాది?"

"దానికీ ఇలాగే. బయట కూర్చున్న మనిషి మలం తింటది, గుడ్లు దాని ఒంట్లోకెళ్లి కండలో బియ్యపు గింజలంత పొక్కులు కడతాయి. ఆ కండ ఉడకకుండా తిన్నోడికి మళ్లీ కడుపులో పురుగు." హెలెన్ కళ్లజోడు తీసి తుడుచుకుని, గొంతు తగ్గించింది. "ఎలా చెప్పాలో తెలీట్లేదమ్మా. నువ్వు పందిని తినలేదు. పంది ఏం తిని తెచ్చుకుంటదో, అది తిన్నావు."

అంజుమ్ లేచి హెలెన్ సింకు దగ్గరకు వెళ్లి వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేదు, పసరు మాత్రం వచ్చింది. నోరు పుక్కిలించి, ఇంకా పుక్కిలించి, కుళాయి కట్టేయడం మరిచిపోయి నిలబడింది. హెలెన్ వచ్చి కట్టేసింది. ఆ మనిషి ఎవరైనా ఒక్క మందుతో పురుగు పోతదని, అంతకంటే పెద్ద వైద్యం ఏమీ ఉండదని, ముందు పరీక్ష చేయించుకోవాలని చెప్పింది. ఎవరని అడగలేదు. నర్సులకు ఎక్కడ ఆగాలో తెలుసు.

ఆ రోజు నుంచి అంజుమ్ మనసు ఒక పోలీసు స్టేషన్ అయిపోయింది. తన వంట తనే వండుకుంటుంది, తన చెయ్యి తను నమ్ముతుంది. నిలోఫర్‌కు పురుగు లేదు. హెలెన్‌కు ఏటేటా క్లినిక్కువాళ్లు పరీక్ష చేస్తారు. తన చెయ్యి పడకుండా తన నోట్లోకి వచ్చేవి ఈ ఇంట్లో రెండే, పచ్చి ఉల్లిపాయ, శుక్రవారం ముద్ద. ఆ ఆలోచన రాగానే తనను తనే తిట్టుకుంది. ముద్ద పెట్టే చెయ్యిని అనుమానిస్తావా అని. తిట్టుకున్నాక కూడా అనుమానం అక్కడే ఉంది, కదల్లేదు. రెండేళ్లకోసారి సెలవు దొరికినప్పుడు ఆయన బెంగళూరులో దిగుతాడు. భార్యాపిల్లల్ని టాక్సీలో రాయచోటికి పంపేసి, పాత లారీ దోస్తులున్నారంటూ రెండు రోజులు అక్కడే ఉండిపోయి తర్వాత వస్తాడు. ఈ దేశంలో నాలుక చచ్చిపోయింది, బెంగళూరులో దిగితే గాని ప్రాణం లేచి రాదు అంటాడు. మొన్న అత్తతో ఫోనులో మాట్లాడుతూ ఒక మాట అన్నాడు. "ఈ దేశంలో అది దొరకనే దొరకదు మా. బెంగళూరులోనైతే రోడ్డుమీదే కాల్చి ఇస్తారు, ఈడ దీనికి యాడ దొరికిందో." అప్పుడు ఆమె చెవులకు తన మీద పడిన నింద మాత్రమే వినిపించింది. ఇప్పుడు మిగతాది వినిపిస్తోంది. కాల్చి ఇస్తారని ఆయనకెలా తెలుసు?

ఇంకోటి గుర్తొచ్చింది. ఆ ఇంట్లో టాయిలెట్ కడిగేది ఆమే, ఇంకెవరు కడుగుతారు. ఏడాదిగా అప్పుడప్పుడూ తెల్లగా, చదునుగా, నానిన అటుకుల్లాంటివి అంచుకు అంటుకుని కనిపించేవి. నిలోఫర్‌కు పురుగులేమోనని ఫార్మసీలో సిరప్ తెచ్చి తాగించింది. పిల్ల మొహం చిట్లించుకుని తాగింది. అవి మళ్లీ కనిపించాయి, మళ్లీ తాగించింది. అంత పెద్ద మగాడికి, బస్సు నిండా మనుషుల్ని తోలే మగాడికి, పురుగు ఉంటుందని ఆమె బుర్రకు తోచనేలేదు. ఇంట్లో ఏ మురికి కనిపించినా అది పిల్లదో, తనదో అయి ఉండాలి.

బాత్రూములో చేతులు కడిగే సోపు సీసా ఒకటి ఉంది. అంజుమ్ తనకూ నిలోఫర్‌కూ వంటింటి సింకు దగ్గర వేరే సోపు పెట్టి, ఇకనుంచి ఇక్కడే కడుక్కోవాలని పిల్లకు చెప్పింది. బాత్రూము సీసా మీద తనే, నిలోఫర్ బాల్‌పెన్ను తీసుకుని, సోపు ఎంతవరకు ఉందో అక్కడ సన్నగా ఒక గీత పెట్టింది. ఒక రోజు చూసింది. రెండు రోజులు చూసింది. అయిదో రోజుకు కూడా సోపు గీత దగ్గరే ఉంది. ఆ అయిదు రోజులూ తెల్లవారి నాలుగున్నరకు ఆయన ఆ బాత్రూములోంచి వచ్చి ఉల్లిపాయలు కోశాడు. ఆమె మాత్రలు వేసుకుని ఆయన వెనక నిలబడి ఆ వేళ్లనే చూసింది. కవర్లు బస్సెక్కాయి. ఆపడానికి నోరు రాలేదు. ఏమని ఆపాలి? గీత చూపిస్తే నవ్వుతాడు.

అయినా ఆరో రోజు మెల్లగా కదిలించింది. ఎంత మెల్లగానంటే, తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు. "కాగితంలో ఇంట్లో అందరికీ రాసినాడంట. నాది ఇచ్చినా, పాపది ఇచ్చినా. నువ్వు గూడా ఇచ్చెయ్యి. ఏమన్నా ఉంటే ఒక్క మందుతో పోతాదంట. ఎవురికీ చెప్పను, మీ అమ్మకు గూడా చెప్పను."

మునాఫ్ తింటున్న చెయ్యి ఆపాడు. "పంది తినింది నువ్వు. డబ్బా పట్టుకోని నేను ఆస్పత్రికి పోవాల్నా? హెలెన్ నేర్పించి పంపించింది గదా." ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు, చల్లగా అన్నాడు. "ఆదివారం సాయంత్రానికి నీకు టికెట్ తీసినా. మీ అమ్మోళ్ల ఇంట్లో ఉండి మందులు మింగుతా ఉండు. మా అమ్మ విజిట్ వీసా మీద వస్తాది. పాపకు స్కూలుండాది, ఈడనే ఉంటాది."

అంజుమ్‌కు తన సంగతి ఏమీ గుర్తుకు రాలేదు. ఊళ్లో ఏమనుకుంటారు, పందిమాంసం తిని మొగుడు తరిమేసిన ఆడదని ఎంతమంది చెప్పుకుంటారు, అవన్నీ తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది నిలోఫర్ తల. ఆ పిల్ల వారం వారం ఆ ముద్ద తింటుంది. తను ఇక్కడుంటే అడ్డం పడగలదు, ఊళ్లో ఉంటే ఎవరు అడ్డం పడతారు? ఏదో ఒకరోజు స్కూల్లో, మెట్ల మీదో, బాత్రూములోనో ఆ చిన్న చెయ్యి తనంతట తనే ఎగరడం మొదలుపెడితే, అప్పుడు ఆ పిల్లను కూడా అడుగుతారు, యాడ తిన్యావే అని.

ఆ శుక్రవారం మునాఫ్ జుమా నుంచి వచ్చి పళ్లెం ముందు కూర్చుని షేర్వా పోసుకుని కలిపాడు. "నిలోఫర్, రా" అన్నాడు. పిల్ల వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది.

"సబ్బుతో కడుక్కోని వచ్చి పెట్టు" అంది అంజుమ్.

"ఏమన్యావ్?"

"చెయ్యి కడుక్కోని పెట్టు. లేకుంటే నేను తినిపిస్తా."

ఆయన కడుక్కోలేదు. ముద్ద చేతిలోనే పట్టుకుని పిల్ల వైపు తిరిగి నవ్వాడు. "చెప్పు నిలోఫర్, అబ్బా పెడితే తింటావా, అమ్మీ పెడితే తింటావా?" పిల్ల ఇద్దరినీ చూసింది. అబ్బా నవ్వుతున్నాడు, అమ్మీ నవ్వడం లేదు. ఏడేళ్ల పిల్ల ఎటు వెళ్తుంది? నవ్వే వైపే నోరు తెరిచింది. అంజుమ్ వంగి తన అరచేత్తో పిల్ల నోరు మూసేసింది. ముద్ద ఆమె చేతి వెనక తగిలి చీర మీద పడింది.

మునాఫ్ కొట్టలేదు. ఆయన కొట్టే మనిషి కాదు, అది కూడా ఊళ్లో మంచి పేరే. పళ్లెం పక్కకు నెట్టి లేచి, పిల్లకు వినిపించేలా అన్నాడు. "మీ అమ్మీ మాట్లాడ్డంలే. తలకాయలో పురుగు మాట్లాడిస్తాండాది." నిలోఫర్ ఆ మాట నమ్మింది. ఆ రోజంతా తల్లి తల వైపు భయంగా చూస్తూ గడిపింది. అంజుమ్ బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

శనివారం మధ్యాహ్నం నాగన్న ఖాళీ డబ్బా ఇచ్చిపోవడానికి వచ్చాడు. లక్కిరెడ్డిపల్లె మనిషి, ఇరవై రెండు మందిలో ఒకడు. ముఖం పీక్కుపోయి ఉంది. "ఒదినా, నీకు బాగాలేదంటిరే, ఎట్లుండావు ఇప్పుడు" అని అడిగి, ఆమె అడగకుండానే తన గోడు చెప్పుకున్నాడు. "నాక్కూడా నెల నుంచి ఒకటే తలకాయ నొప్పి. మొన్న సైట్లో నిలబడినోన్ని నిలబడినట్టే పడిపోయినా. ఎండకు అన్నారు. నోట్లో నురగొచ్చిందంట ఒదినా, ఎండకు నురగొస్తాదా?"

ఆమె డబ్బా అందుకుంది. ఏదో అనాలని నోరు తెరిచింది. లోపల మునాఫ్ టీవీ శబ్దం తగ్గించాడు. "ఆస్పత్రికి పో నాగన్నా" అని మాత్రం అంది. "కంపెనీ క్లినిక్‌లో మాత్రలిచ్చినారులే" అని అతను మెట్లు దిగిపోయాడు. మెట్లు దిగేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించి దిగడం ఆమె చూసింది. తను అయిదు రోజులు నోరు మూసుకుని చూసిన కవర్లలో ఒకటి ఇతనిది కూడా.

ఆ తర్వాత గంటకు మునాఫ్ వంటింట్లోకి వచ్చాడు. వచ్చి పక్కన నిలబడ్డాడు. "అంజూ" అన్నాడు. మూడు వారాలుగా ఆ పిలుపు లేదు. ఆయన చేతిలో మూడో డబ్బా ఉంది, తెల్ల ప్లాస్టిక్‌ది, ఎర్ర మూత. మూత మీద కాగితం అంటించి ఇంగ్లీషులో ఆయన పేరు రాసి ఉంది.

"ఆస్పత్రోళ్లు ఫోన్ చేసినారు. నాది ఇస్తే గాని ఫైలు మూయరంట. ఇయ్యకపోతే ఇంటికి మనుషుల్ని పంపిస్తారంట. మనుషులొస్తే మెస్ సంగతి బయట పడతాది, లైసెన్సు లేదు, మునిసిపాలిటీ బలదియా వాళ్లు పట్టుకుంటారు. అందరం పోతాం." గొంతు ఇంకా మెత్తబడింది. "నీది మూడుసార్లూ క్లీన్ వచ్చింది గదా. దీంట్లో నీదే పెట్టు. పేరు నాది రాసినా. పొద్దున ఇచ్చేస్తే ఖలాస్. నువ్వు ఊరికి పోయి నెమ్మదిగా మందులు తిను, అంతా చల్లబడినాక పిలిపించుకుంటా."

అంజుమ్ డబ్బా వైపు చూసింది. అనుమానం అనేది ఒక రకమైన తోడు. అది ఉన్నంతసేపు, కాదేమో అనే మాట కూడా పక్కనే ఉంటుంది. ఆ ఒక్క కోరికతో ఆ తోడు కూడా పోయింది. ఆయనకు తెలుసు. ఆస్పత్రిలో డాక్టరు పది నిమిషాలు చెప్పిన రోజే తెలుసు, మొహం ఎండిపోయింది అందుకే. తెలిసి కూడా ఆమెకు వేరే పళ్లెం పెట్టాడు. తెలిసి కూడా తల్లి చేత తౌబా చెప్పుకొమ్మనిపించాడు. తెలిసి కూడా నిన్న పిల్ల నోటి ముందు ముద్ద పట్టుకుని నవ్వాడు. మందు ఒక్కటి మింగితే పోయే పురుగు. అది మింగితే ఒప్పుకున్నట్టవుతుందని, పెళ్లాన్ని దేశం దాటించడానికి సిద్ధపడ్డాడు. ఇన్నేళ్లూ ఆమె వండింది ఆయన పేరుతో బస్సెక్కింది. ఆమె ఓర్పు ఆయన మంచితనంగా చెలామణీ అయింది. ఇప్పుడు చివరికి ఆమె ఒంట్లోంచి వచ్చే మలం కూడా ఆయన పేరుతో పోవాలి. అంజుమ్ తనకు కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఎప్పటి నుంచో బరువు మోస్తున్న చెయ్యి ఒక్కసారి ఖాళీ అయినట్టు తేలిగ్గా అనిపించింది.

"పెట్టులే ఆడ. పొద్దున తొమ్మిదికి గాని తీసుకోరంట. నేనే పోయి ఇస్తా" అంది.

"మంచిదానివి" అన్నాడు మునాఫ్. డబ్బా అరుగు మీద పెట్టి, వెళ్లి పడుకున్నాడు. అయిదు నిమిషాల్లో గురక వినిపించింది.

ఆమె ముందు బీరువాలోంచి తన పాస్‌పోర్టు, నిలోఫర్ పాస్‌పోర్టు తీసి హెలెన్‌కు ఇచ్చి వచ్చింది. రేపు స్కూలు బస్సు దిగగానే పిల్లను నీ దగ్గరే కూర్చోబెట్టుకో అక్కా అని చెప్పింది. హెలెన్ ఆమె మొహం చూసి, "ఆయన ఉద్యోగం పోద్దేమో, ఇఖామా ఆయన మీదే కదా, ఆలోచించుకున్నావా" అంది. ఆలోచించుకున్నానంది అంజుమ్. పోతే ముగ్గురూ పోతారు, పిల్ల తనతోనే వస్తుంది. ఒక్కతే మాత్రం పోదు. ఇది అబద్ధం కాదు, కానీ చెప్పినంత ధైర్యం కూడా లేదు.

ఇంటికి వచ్చి నిలోఫర్ రూళ్ల పుస్తకంలోంచి కాగితాలు చింపి కూర్చుంది. పదో తరగతి తెలుగు మీడియంలో పాసైన మనిషి, తర్వాత ఎప్పుడూ చీటీ కంటే పొడుగు రాయలేదు. మొదటి కాగితానికి చాలాసేపు పట్టింది. మూడోసారి కొట్టేసి మళ్లీ రాసింది. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు, ఇరవై రెండూ రాసేసింది. వేళ్లు నొప్పెట్టాయి. చివర 'ఈ పొద్దే పో అన్నా' అని ఒక ముక్క ఎక్కువ రాసి నాగన్నది మాత్రం వేరుగా పెట్టుకుంది, అతని డబ్బా మూత మీద సొట్ట ఉంటుంది, గుర్తు.

ఆదివారం తెల్లవారి మునాఫ్ లేచేసరికి ఇరవై రెండు డబ్బాలూ మూతలు బిగించి సంచుల్లో ఉన్నాయి. ఉల్లిపాయల చెక్క కడిగి నిలబెట్టి ఉంది.

"ఉల్లిపాయలు?" అన్నాడు.

"ఈ పొద్దుకు వద్దులే. నువ్వు బస్సు తియ్యి, ఆలస్యమవుతాది."

ఆయన ఒక పని తప్పిందని సంతోషంగా సంచులు అందుకున్నాడు. అరుగు మీద ఎర్ర మూత డబ్బా వైపు ఒకసారి చూసి, అంతా చెప్పిన ప్రకారమే ఉందని తల ఊపాడు. అది ఖాళీ. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు, తర్వాత బస్సు స్టార్టయిన చప్పుడు. కిందకు దిగకపోయినా ఆమెకు తెలుసు, ఒక్కొక్కరి చేతిలో ఆయనే పెడుతున్నాడు, అలవాటు ప్రకారం ఒక్కొక్కరితో ఒక మాట నవ్వుతూ అంటున్నాడు. మధ్యాహ్నం పన్నెండుకు సైటులో ఇరవై రెండు మూతలు తెరుచుకుంటాయి. ప్రతి మూత కింద, ఆవిరికి తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక కాగితం ఉంటుంది.

"అన్నలకు, తమ్ముళ్లకు. ఇన్నాళ్లూ మీకు వండింది నేను. నా పేరు అంజుమ్. ఈ అన్నం భయం లేకుండా తినండి, దీన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు. నా తలలో పందిపురుగు పిల్ల ఉందని స్కానులో వచ్చింది. అది పందిని తిన్నందువల్ల రాలేదు. కడుపులో ఆ పురుగు ఉన్న మనిషి చేతులు కడుక్కోకుండా ముట్టుకున్న తిండి తిన్నందువల్ల వచ్చింది. ఆ చేతులు కోసిన ఉల్లిపాయలే మీరూ తిన్నారు. అనుమానం వచ్చి కూడా కొన్ని రోజులు నేను చెప్పలేదు, అది నా తప్పు. తలనొప్పి ఉన్నవాళ్లు, పడిపోయినవాళ్లు ఈ రోజే పెద్ద ఆస్పత్రికి పోయి తలకు స్కాను అడగండి. నాగన్న అన్నను ఎవరైనా తోడు తీసుకుపోండి. మిగతా అందరూ పరీక్ష చేయించుకోండి. మా ఇంట్లో నాకు పరీక్ష చేశారు, కడుపులో పురుగు లేదు. మా పాపకు చేశారు, లేదు. పరీక్షకు ఇవ్వని మనిషి ఇంక ఒక్కరే. సాయంత్రం మీ బస్సు తెచ్చేది ఆయనే."